మూడో చుట్టు

పది గంటలకు బెల్లు మోగింది, పరీక్ష హాలు తలుపులు మూసేశారు, ఇక పదకొండు దాకా లోపలివాళ్ళెవరూ బయటికి రాకూడదు, అది వాళ్ళ నియమం, రాయగలిగినా రాయలేకపోయినా గంటసేపు కుర్చీకి అతుక్కుని ఉండాల్సిందే, చేతకాని పిల్లలు పదకొండు కొట్టగానే తల వంచుకుని ఒక్కొక్కరే బయటికొస్తారు, కాబట్టి ఈ ఒక్క గంట గడిస్తే తేలిపోతుంది, కూతురు ఆ తలుపులోంచి వస్తే రాయలేకపోయినట్టు, రాకపోతే ఎలాగో రాస్తున్నట్టు, అని లెక్కవేసుకుంటూ తల్లి వరండాలో సిమెంటు బల్ల చివర కూర్చుంది. ఒళ్ళో సంచి ఉంది. సంచిలో నీళ్ళసీసా, మంచుముక్కలు కరిగిపోయి తడిసిన గుడ్డ, అడుగున పన్నెండంగుళాల ఉక్కు స్కేలు. ఆ స్కేలు ఎందుకు తెచ్చిందో ఆమెకే తెలియదు. పొద్దున పుస్తకాలు సర్దుతుంటే చెయ్యి దానంతటదే తీసి సంచిలో పడేసింది, ఆ చేతికి ఇవాళ బుద్ధంటూ ఉంటే కదా. ఏడు గంటలప్పుడు అదే చేత్తో, అదే స్కేలుతో, పదహారేళ్ళ కూతురి వేళ్ళు రెండు విరగ్గొట్టింది. చూపుడు వేలు, మధ్య వేలు. రాసే చేతి వేళ్ళు. విరిగాయని ఇంకా ఎవరితోనూ అనలేదు, తనతో తాను కూడా అనుకోలేదు, కమిలాయి అంది, వాచాయి అంది, సాయంత్రానికి తగ్గిపోతుంది అంది. రక్తపరీక్షల ల్యాబులో పద్దెనిమిదేళ్ళుగా రోజుకు నలభై చేతులు పట్టుకునే మనిషికి, పట్టుకున్న చేతిలో ఏ ఎముక ఎలా కదిలిందో ఇంకొకరు చెప్పాలా.

పక్కన గొడుగాయన మాట్లాడుతూనే ఉన్నాడు. వాన లేదు, చెప్పుకోదగ్గ ఎండా లేదు, అయినా గొడుగు మోకాళ్ళ మధ్య నిలబెట్టుకుని, దాని పిడి మీద రెండు చేతులూ పెట్టుకుని, కొడుకుని ఎలా చదివించాడో వరండా అంతటికీ పాఠం చెబుతున్నాడు. నాలుగు రంగుల పెన్సిళ్ళతో పట్టిక వేశాడట, వచ్చినవి పచ్చ, రానివి ఎరుపు, ముప్పావుగంట చదువు, పది నిమిషాలు నడక, పదేళ్ళ పాత ప్రశ్నపత్రాలు గడియారం ఎదురుగా పెట్టి రాయించాడట, ఆఖరి రోజున కొత్త పాఠం ముట్టుకోనివ్వలేదట, తొమ్మిదింటికల్లా పడుకోబెట్టాడట, పొద్దున పుస్తకం తెరవనివ్వకుండా మొక్కలకి నీళ్ళు పోయించాడట. అన్నీ సరైన మాటలే. సరైనవి కాబట్టే ఆమెకి అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ గొడుగు లాక్కుని ఆ నోట్లో దూర్చి, లోపల తెరిచేస్తే ఎలా ఉంటుందో ఒక్క క్షణం స్పష్టంగా కనిపించింది, దవడలు సాగడం, కళ్ళు తేలెయ్యడం, అన్నీ. తరవాత ఆమె మర్యాదగా తలూపింది. ఇలాంటివి ఆమెకి తరచూ కనిపిస్తూనే ఉంటాయి, ల్యాబులో సూది గుచ్చేముందు కూడా, ఆ చెయ్యి మెలిపెడితే ఎక్కడ విరుగుతుందో కనిపిస్తుంది, ఆ తరవాత సూది మెత్తగా, నొప్పి తెలియకుండా దించుతుంది. ఆమె చేతిచలవ గురించి అందరూ చెప్పుకుంటారు. ఇంట్లో ఆ మాట ఎవరూ అనరు.

"మరి మీరెలా చదివించారమ్మా?" అని గొడుగాయన అడిగాడు, ఒకరి గొప్ప కూడా కాస్త వినాలి కదా అన్నట్టు. మూడు చుట్లండి, అంది ఆమె. ఆయన జేబులోంచి చిన్న పుస్తకం తీశాడు. మొదటి చుట్టు కళ్ళకి, రెండో చుట్టు నోటికి, మూడో చుట్టు చేతికి, అని ఆమె చెబుతుంటే ఒక్కొక్కటే రాసుకుని, చేతికి అంటే చూడకుండా రాయించడమన్నమాట, భేషైన పద్ధతి, వచ్చే ఏడాది చిన్నవాడికి ఇదే పెడతాను, అన్నాడు. ఆమె సరిదిద్దలేదు. రెండు ముక్కలు చెబితే చాలు, ఆ పుస్తకం మూసేసేవాడు, బల్ల మీద అవతలికి జరిగేవాడు కూడా. గోడ గడియారంలో పదీ పది అయింది.

మూడు చుట్లూ నాన్నవి. నాన్న ఫ్యాక్టరీలో ఫిట్టరు, చేతి గోళ్ళ కింద ఎప్పుడూ నల్లటి నూనె, సూపర్‌వైజరు పరీక్ష మూడుసార్లు రాసి మూడుసార్లూ తప్పాడు. నాకు చిన్నప్పుడు కొట్టేవాళ్ళు లేకపోయారు, అందుకే నా బతుకిలా తగలడింది, అనేవాడు, నిజంగానే నమ్మేవాడు, దెబ్బలు తినని మనిషిని చూస్తే అన్నం దొరకని మనిషిని చూసినట్టు జాలిపడేవాడు. స్కేలు ఫ్యాక్టరీది, అంచుల మీద మిల్లీమీటర్ల గీతలు, ఒక చివర మేకుకి తగిలించడానికి చిల్లు. మొదటి చుట్టులో పాఠం చూసి చదవాలి, పొద్దున. రెండో చుట్టులో పుస్తకం మూసి పైకి చెప్పాలి, మధ్యాహ్నం. సాయంత్రం ఆయన డ్యూటీ దిగి, చేతులు కడుక్కుని, టీ తాగి, మేకు మీద స్కేలు తియ్యగానే అది మూడో చుట్టు. మేకు మీంచి తీసినప్పుడు టింగుమని చిన్న చప్పుడు వచ్చేది. ఆ చప్పుడికే తమ్ముడు లాగూ తడుపుకునేవాడు. తడిసిన లాగూకి ఒక దెబ్బ అదనం. ఎక్కడ పడితే అక్కడ కొట్టేవాడు అప్పట్లో, వీపు, పిక్కలు, మోచేతులు, నియమం ఇంకా పుట్టలేదు. పద్యాలు పిక్కల్లో ఉండేవి ఆమెకి, ఎక్కాలు వీపు మీద, చరిత్ర తేదీలు మోచేతి ఎముక దగ్గర, మాస్టారు బడిలో ప్రశ్న అడిగితే ముందు ఆ చోటు చురుక్కుమనేది, ఆ వెంటే జవాబు వచ్చేది, ఎప్పుడూ తప్పు పోలేదు. తమ్ముడికి మాత్రం చురుక్కుమనడం ఒకటే వచ్చేది.

తమ్ముడికి పదేళ్ళు, పన్నెండో ఎక్కం. పన్నెండేడ్ల దగ్గర ఆగాడు. ఎనభై నాలుగు అని ఆమె పెదాలతో అందిస్తోంది, వాడు ఆమె వైపు చూశాడు, చూడటం నాన్న చూశాడు. స్కేలున్న చెయ్యి కాదు, ఖాళీ చెయ్యి లేచింది, అరచెయ్యి మొత్తం వాడి చెవి మీద పడింది, గోనెబస్తా కింద పడినట్టు చప్పుడు. వాడు ఏడవలేదు. బొమ్మలా కూర్చున్నాడు. చెవిలోంచి రక్తం సన్నగా దిగి, మెడ మీదుగా చొక్కా కాలరులోకి పోయి, ఎక్కాల పుస్తకం మీద చుక్కలు చుక్కలుగా పడింది, ఆ రెండు పేజీలూ తరవాత ఒకదానికొకటి అంటుకుపోయాయి, ఎప్పటికీ విడదియ్యలేకపోయారు. అప్పుడు వంటింట్లోంచి అమ్మ వచ్చింది, చేతిలో మరుగుతున్న నీళ్ళగిన్నె, పట్టుకోవడానికి గుడ్డ కూడా లేదు, వేళ్ళు కాలుతున్నా వదల్లేదు. "ఇంకొక్క దెబ్బ పడిందా, ఇవి నీ నెత్తిన పోస్తాను" అంది. అరవలేదు, మామూలుగా చెప్పింది, అందుకే నాన్న నమ్మాడు. ఆ సాయంత్రమే ఒడంబడిక కుదిరింది. తల మీద కొట్టకూడదు. వీపు మీద కొట్టకూడదు. ఒక్క ఎడమ అరచేతి మీదే కొట్టాలి, రాసే చెయ్యి జోలికి పోకూడదు, స్కేలు బల్లపరుపు వైపే, అంచుతో కాదు. ఇంట్లో అందరూ దాన్ని దయ అనుకున్నారు. ఆమె కూడా అనుకుంది, పన్నెండేళ్ళ పిల్ల, ఎంత మంచి నాన్న, మాట ఇచ్చి తప్పలేదు అని. నిజమే, తప్పలేదు. చెయ్యి పెట్టు, అనేవాడు, ఆమె ఎడమచెయ్యి బల్ల మీద చాచి పెట్టేది, కొట్టడం అయ్యాక ప్రతిసారీ ఒకటే మాట అనేవాడు, ఎడంచెయ్యేగా, రాయడానికేం అడ్డం లేదు, అని. పరీక్షల్లో ఆమె ఎడమచేతిని బెంచీ కింద పిడికిలి బిగించి, గోళ్ళతో అరచేతిని నొక్కుతూ రాసేది. ఊళ్ళో మొదటి ర్యాంకు వచ్చింది. నాన్న ఆ రోజు మేకు మీంచి స్కేలు తీసి, నూనెగుడ్డతో తుడిచి, ఆమె చేతిలో పెట్టాడు, ఇంకా దాని అవసరం ఉంటుంది, దాచుకో, అన్నాడు. ఆమె కళ్ళనీళ్ళు పెట్టుకుంది, సంతోషంతో.

తమ్ముడు ఇప్పుడు లారీల షెడ్డులో పని చేస్తాడు. ఆ మోతలో అందరికీ అరిచి చెప్పాల్సిందే కాబట్టి వాడి చెవి సంగతి అక్కడెవరికీ పట్టదు. కిందటేడు వచ్చినప్పుడు గోడకి తగిలించిన స్కేలు చూశాడు. లేచి వెళ్ళిపోతాడేమో అనుకుంది, వెళ్ళలేదు, మంచి చెవి ఆమె వైపు తిప్పి కూర్చున్నాడు. "అక్కా, నీకు మార్కులొచ్చాయి కాబట్టి నువ్వు నొప్పి మర్చిపోయావు" అన్నాడు. నేను అంచుతో కొట్టనురా, మెల్లగా రెండు, పిల్లకి అలవాటే, దానికి కోపం కూడా రాదు, అంది ఆమె. నాకూ రాలేదక్కా, అని వాడు టీ తాగి వెళ్ళిపోయాడు. ఎంత పొగరు, చదువు అబ్బనివాడికి ఎంత పొగరు, అనుకుని ఆ గ్లాసు కడిగేటప్పుడు సింకుకేసి కొట్టింది, గ్లాసు పగిలి బొటనవేలు తెగింది. తెగిన వేలితోనే ఆ సాయంత్రం కూతురికి మూడో చుట్టు పెట్టింది.

పదీ ఇరవై. హాల్లోంచి ఎవరో దగ్గారు. కుర్చీ ఈడ్చిన చప్పుడు. ఆమె లేవబోయి కూర్చుంది. చేతులు ఊరుకోవడం లేదు, సంచి గుడ్డ పైనుంచే స్కేలు అంచు తడుముతున్నాయి. ఏ చేత్తో రాస్తారు, ఏ చేత్తో రాస్తారు, రోజుకి నలభైసార్లు ఆమె నోటి నుంచి వచ్చే మాట, కుర్చీలో కూర్చున్న ప్రతి మనిషినీ ముందు అదే అడుగుతుంది, రెండో చెయ్యి చాచమంటుంది, రబ్బరు పట్టీ బిగిస్తుంది, పనిచేసే చేతికి నొప్పి ఉండకూడదు, ఇంటికెళ్ళి వాళ్ళు కలం పట్టుకోవాలి, గరిటె తిప్పాలి, పిల్లల్ని ఎత్తుకోవాలి. అందరికీ ఎడమచెయ్యి ఇవ్వడం అలవాటు. ఎప్పుడో ఒకరు కుడిచెయ్యి చాస్తారు, నాది పుర్రచేతి వాటమండీ అని సిగ్గుపడతారు, అప్పుడామె నవ్వుతుంది, మా అమ్మాయిదీ అంతేనండి, చాలా తెలివైనవాళ్ళకే ఉంటుంది, అంటుంది. ఎంత గర్వంగా అంటుందో. నలభైమంది పరాయి మనుషుల్ని అడిగి, ఇంటికొచ్చి కడుపున పుట్టినదాన్ని అడక్కుండా.

అడక్కుండా ఏమిటి, తెలియకనా. ఆ ఎడమచెయ్యి కోసం ఆమె నాన్నతో పోట్లాడింది, బతుకు మొత్తంలో ఒకే ఒక్కసారి. పిల్లకి నాలుగేళ్ళు. ల్యాబు నుంచి వచ్చేసరికి తాత మనవరాలిని కుర్చీలో కూర్చోబెట్టి, తువ్వాలుతో ఎడమచెయ్యి వీపు వెనక్కి విరిచి కట్టేసి, కుడిచేతిలో పలకపుల్ల పెట్టాడు. చిన్న ముఖం ఎర్రగా కందిపోయి ఉంది, ముక్కు కారుతోంది, తుడుచుకోవడానికి చెయ్యి లేదు. ఆమె తువ్వాలు ముడి పళ్ళతో లాగి విప్పింది. నాన్న ఆమె జుట్టు పట్టుకున్నాడు, పట్టుకోనీ అని విప్పింది. కుదుళ్ళతో సహా కొంత జుట్టు ఆయన పిడికిట్లో ఉండిపోయింది. నా కూతురు ఈ చేత్తోనే రాస్తుంది నాన్నా, ఇంకొకసారి ఈ చెయ్యి ముట్టుకుంటే నువ్వు నా గుమ్మం తొక్కొద్దు, అంది. ఆయన తరవాత మూడేళ్ళకి పోయాడు, ఆ చేతిని మళ్ళీ ముట్టుకోలేదు. అంత పోరాడి గెలిచిన చెయ్యి అది. పిల్లతో మూడో చుట్టు మొదలుపెట్టినప్పుడు నియమం కూడా తిరగేసింది, చెయ్యి పెట్టు అంటే పిల్ల కుడిచెయ్యి పెట్టేది, ఆరేళ్ళుగా కుడి అరచెయ్యే, బల్లపరుపుగానే, ఎప్పుడూ మెల్లగానే, దాదాపు ఎప్పుడూ. నాన్నకంటే తను ఎంతో నయం అని ప్రతి దెబ్బకీ అనుకునేది.

పొద్దున పిల్ల చెయ్యి పెట్టలేదు. బస్సు నడిపే భర్త అయిదింటికే డ్యూటీకి వెళ్ళిపోయాడు, ఆయనుంటే, వదిలెయ్యవే, చదువు దానికే వస్తుంది, అని నసిగేవాడు, నసిగి స్నానానికి పోయేవాడు. ఇద్దరే ఉన్నారు. రక్తం ఎలా గడ్డకడుతుందో చెప్పమంది, ఆమె రోజూ చూసే సంగతి, ఆమెకి అన్నం పెట్టే సంగతి. పిల్ల గబగబా చెప్పుకుంటూ వచ్చింది, గాయం దగ్గర రక్తఫలకికలు చేరతాయి, ప్రోత్రాంబిన్ త్రాంబిన్ అవుతుంది, ఫైబ్రినోజెన్ ఫైబ్రిన్ అవుతుంది, పోగులు వలలా అల్లుకుంటాయి, అంది. కాల్షియం మర్చిపోయింది. కాల్షియం లేకపోతే ఏదీ జరగదు, రక్తం కారుతూనే ఉంటుంది, మనిషి చస్తాడు, ఒక్క మాట, నిన్న చెప్పింది, మొన్న చెప్పింది, ఇవాళ పరీక్ష. చెయ్యి పెట్టు, అంది. పిల్ల కలం మూత పెడుతూ, తల ఎత్తకుండా, "పెట్టనమ్మా. ఇంక చాలు" అంది. ఎదిరించినట్టు కూడా అనలేదు, అన్నం చాలు అన్నట్టు అంది. అంతే. తరవాత కొంచెంసేపు ఏమీ లేదు. ఆ కొంచెంసేపు తను ఎక్కడుందో ఎంత వెతికినా దొరకడం లేదు. దొరుకుతున్నది ఒక్కటే, తన చెయ్యి ఒక మణికట్టుని బల్లకేసి అదిమి పట్టడం, ఆ పట్టు నాన్నది, అదే ఒడుపు, బొటనవేలు నాడి మీద, అది పట్టుకోవడం ఎడమచేతినే పట్టుకుంది, ఆ పట్టుకి ఇంకో చెయ్యి తెలియదు, స్కేలు లేవడం, దిగేటప్పుడు నిట్టనిలువుగా అంచు మీద దిగడం, ఎండుపుల్ల మీద కాలేసినట్టు ఒక చప్పుడు, ఒకటి కాదు రెండు. పిల్ల నోరు తెరిచింది, శబ్దం రాలేదు. అప్పుడు ఆమె నోటి నుంచి ఆ మాట వచ్చింది. వద్దనుకున్నా వచ్చింది, పూర్తిగా, పొల్లుపోకుండా, చచ్చిపోయిన మనిషి గొంతులో. "ఎడంచెయ్యేగా, రాయడానికేం అడ్డం లేదు" అంది.

పిల్ల అప్పుడామె ముఖంలోకి చూసింది. దెబ్బకి ఏడవని పిల్ల ఆ మాటకి ఏడ్చింది.

తరవాత చేసినవన్నీ చక్కగా చేసింది, ల్యాబులో చేసినట్టు. మంచుముక్కలు గుడ్డలో కట్టింది, రెండు వేళ్ళనీ కలిపి మెత్తగా చుట్టింది, గోళ్ళు నీలంగా లేవని చూసింది, నొప్పిమాత్ర వేసింది. రాయగలవా, అని అడిగింది. ఆస్పత్రికి వెళదామా అని అడగాల్సిన చోట రాయగలవా అని అడిగింది. రాస్తాను, అంది పిల్ల. బస్సులో కిటికీ పక్కన కూర్చుని పిల్ల కుడిచేతి వేలితో తొడ మీద తన పేరు రాసుకోవడం ఆమె చూసింది, నాలుగేళ్ళ పిల్ల రాసినట్టు, వంకర టింకరగా, మళ్ళీ మళ్ళీ. కుడిచేత్తో నేర్చుకుంటోంది, నలభై నిమిషాల ప్రయాణంలో. తాతకి కావలసింది ఇదే కదా, తువ్వాలు లేకుండానే అయిపోయింది. ఆ మాట తట్టగానే సంచిలో స్కేలు తీసి తన తలకేసి బాదుకోవాలనిపించింది, రక్తం కారేదాకా, కాల్షియమో కాకరకాయో, గడ్డకట్టకుండా కారిపోయేదాకా. పదీ ముప్పై అయిదు. గొడుగాయన నీళ్ళు తాగి మూతి తుడుచుకుని, మీ అమ్మాయికి ఏ పాఠమంటే భయం, అని అడిగాడు.

ఆఫీసు గుమాస్తా వచ్చింది. యాభై ఏళ్ళావిడ, కళ్ళద్దాలు మెడలో దారానికి వేలాడుతున్నాయి, చేతిలో ఒక కాగితం. వరండాలో కూర్చున్నవాళ్ళందరి వైపూ చూసి, చేతికి కట్టుతో వచ్చిన అమ్మాయి తాలూకు ఎవరు, అంది. తల్లి లేచింది. అమ్మాయి అరగంట కుడిచేత్తో తంటాలు పడిందనీ, పర్యవేక్షకుడు చూసి లేపాడనీ, గాయమైన పిల్లలకి రాసిపెట్టే మనిషిని ఇచ్చే వీలుందనీ, పక్కగదిలో కూర్చోబెట్టి మొదలుపెట్టించారనీ, పోయిన అరగంటా కలిపి ఇస్తారనీ, ఇంటివాళ్ళ సంతకం ఒకటి కావాలనీ గుమాస్తా నడుస్తూనే చెప్పింది. తల్లి ఆమె వెనక నడిచింది. ఆ మాటల్లో సగమే చెవిన పడ్డాయి. రాస్తోంది, పిల్ల రాస్తోంది, ఎవరి చేత్తోనైతేనేం, పరీక్ష పోలేదు, ఆ ఒక్క మాటతో గుండె మీది బండరాయి దొర్లి పడిపోయింది.

ఆఫీసు గదిలో గుమాస్తా కాగితం బల్ల మీద పెట్టింది. పేరు, నంబరు, కింద ఒక గడి, గాయం ఎలా అయింది. ఆ గడిలో వంకర అక్షరాలతో, కుడిచేతి అక్షరాలతో, తలుపులో పడింది అని రాసి ఉంది. "అమ్మాయి రాసింది చాలదు, మీరు మీ చేత్తో రాసి సంతకం పెట్టాలి" అంది గుమాస్తా. కళ్ళద్దాలు పెట్టుకుంది. "కట్టు విప్పి చూశాం, రెండు వేళ్ళ మీదా అడ్డంగా ఒకటే గీత ఉందమ్మా. తలుపు అలా నలపదు. ఎవరైనా కొట్టి ఉంటే ఆ సంగతి రాయాలి. అప్పుడు మేం పిల్లల సంరక్షణ ఆఫీసుకి కబురు పెట్టాలి, వాళ్ళొచ్చి విచారించేదాకా అమ్మాయిని కొట్టినవాళ్ళతో ఇంటికి పంపరు. తలుపైతే తలుపని రాయండి, ఇక నేనేం అడగను."

తలుపులో పడింది. ఆ మాట ఎవరూ నేర్పలేదు పిల్లకి. తమ్ముడి చెవికి ఏమైందని ఆస్పత్రిలో డాక్టరు అడిగినప్పుడు ఆమే చెప్పింది, పన్నెండేళ్ళది, అమ్మ కంటే ముందు, నాన్న కంటే ముందు, తలుపు తగిలిందండీ, అని. డాక్టరు తమ్ముణ్ణి చూశాడు, వాడికి ప్రశ్న వినబడలేదు, రాసుకున్నాడు. బడిలో వాచిన అరచెయ్యి చూసి టీచరు అడిగితే కూడా తలుపే. ఎన్ని తలుపులు ఆ ఇంటికి. తండ్రి మీద చెప్పకూడదని ఏ చుట్టులో నేర్చుకుందో, ఈ పిల్ల ఏ చుట్టులో నేర్చుకుందో. ఆమె కలం తీసుకుంది. తలుపులో పడింది, అని రాసింది, తన గుండ్రటి అక్షరాలతో, మొదటి ర్యాంకు అక్షరాలతో. సంతకం పెట్టింది. గుమాస్తా కాగితం తీసుకుని బీరువా దగ్గరికి వెళ్ళి ముద్ర వెతుకుతోంది.

ఆఫీసు గదికీ పక్కగదికీ మధ్య అద్దం కిటికీ ఉంది. ఆమె చూడకూడదనుకుంది, చూసింది. పిల్ల కుర్చీలో నిటారుగా కూర్చుంది, కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో. ఎదురుగా ఎవరో చిన్న తరగతి అమ్మాయి, జడలో రెండు పిన్నులు, కలం పట్టుకుని ప్రశ్న చదువుతోంది. మాటలు వినబడటం లేదు. ప్రశ్న అయిపోగానే పిల్ల కళ్ళు గట్టిగా మూసుకుంది, మెడ లోపలికి లాక్కుంది, ఎడమ భుజం చెవి దాకా లేచింది, ఒళ్ళంతా బిగుసుకుంది, ఒక క్షణం అలాగే ఉంది, ఎవరూ కొట్టలేదు, అప్పుడు నోరు తెరిచి గబగబా జవాబు చెప్పింది. రాసే అమ్మాయి తల వంచి రాసుకుంది. తరవాతి ప్రశ్న. మళ్ళీ కళ్ళు మూసుకోవడం, మెడ లాక్కోవడం, భుజం లేవడం, దెబ్బ కోసం ఆగడం, జవాబు. మూడోసారీ అంతే. ఆమెకి పెదాలు చదవడం రాదు, అయినా అన్నీ సరైన జవాబులేనని తెలిసిపోయింది. ఈ పిల్లకి మంచి ర్యాంకు వస్తుంది. ర్యాంకు వచ్చిన రోజున పిల్లకి ఏమిస్తుంది తను, నూనెగుడ్డతో తుడిచి.

"ఆ కాగితం ఒకసారి ఇలా ఇవ్వండి" అంది.

గుమాస్తా వెనక్కి తిరిగింది, ముద్ర చేతిలో ఉంది, ఇంకా వెయ్యలేదు. కాగితం ఇచ్చింది. ఆమె కూతురి అక్షరాల్ని ముట్టుకోలేదు, తన అక్షరాల్ని కొట్టేసింది, అడ్డంగా ఒకటే గీత, కాగితం చిరిగేంత గట్టిగా. కింద చోటు తక్కువుంది, చిన్నగా రాసింది. నేను కొట్టాను, ఉక్కు స్కేలు అంచుతో, పొద్దున ఏడు గంటలకి, పాప తప్పేమీ లేదు, ఆరేళ్ళ నుంచి కొడుతున్నాను. సంచిలోంచి స్కేలు తీసి కాగితం పక్కన పెట్టింది, బల్లకి తగిలి టింగుమంది. కిటికీ అవతల పిల్ల ఉలిక్కిపడిందో లేదో చూసే ధైర్యం లేకపోయింది.

గుమాస్తా నిలబడే చదివింది. రెండోసారి చదివింది. "ఇలాగే ఉంచమంటారా?" అంది. ఉంచండి, అంది ఆమె. పరీక్ష అయ్యేదాకా పాపకి చెప్పకండి, ఆఖరి ప్రశ్న దాకా రాయనివ్వండి, అని కూడా అంది. ఆవిడ ఫోను దగ్గరికి లాక్కుని అంకెలు నొక్కింది. పదకొండు గంటల బెల్లు మోగింది. వరండాలో హాలు తలుపులు తెరిచిన చప్పుడు, చేతకాని పిల్లలు ఒక్కొక్కరే తల వంచుకుని వస్తున్న అడుగుల చప్పుడు, వాళ్ళలో ఎవరినో గొడుగాయన పేరు పెట్టి పిలుస్తున్నాడు, ఏమైందిరా, ఏమైందిరా నాన్నా, అని. గుమాస్తా ఫోనులో మెల్లగా మాట్లాడుతూ ఆమె వైపు చూసి, కాస్త అలా జరిగి కూర్చోమని సైగ చేసింది. ఆ సైగకి తల దించుకుంటే కనబడింది, స్కేలు పక్కన బల్ల మీద తన ఎడమచెయ్యి, ఎవరూ పెట్టమనకుండానే, అరచెయ్యి పైకి చాచి పెట్టి ఉంది.